‘యమాటో’ మీద వ్యాసం రాసిన యువ రచయితకు

చిరంజీవికి,

ఆశీస్సులు. ‘స్పేస్ బ్యాటిల్‌షిప్ యమాటో’ మీద నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. 1974లో జపాన్ టీవీలో మొదలైన యానిమే (జపాన్ యానిమేషన్) ధారావాహికనూ, అదే కథను 2010లో తకాషి యమజాకి నటీనటులతో తీసిన సినిమానూ పక్కపక్కన పెట్టుకుని చూసిన శ్రమ ప్రతి పేరాలోనూ కనిపిస్తోంది. అయితే ఆ శ్రమలో చాలా భాగం తేడాల జాబితా దగ్గరే ఆగిపోయింది. మూలంలో మద్యం సీసా వదలని డాక్టర్ సాదో సినిమాలో స్త్రీ అయిందనీ, రాడార్ ముందు కూర్చునే యుకి మోరి యుద్ధవిమానం నడిపే పైలట్ అయిందనీ నువ్వు రాసినవి నిజాలే. ఒక మార్పు చేశాక కథలో ఇంకేమేం మారక తప్పలేదు అన్న ప్రశ్న మాత్రం నువ్వు ఎక్కడా వేసుకోలేదు.

26 భాగాల కథను రెండుంపావు గంటల్లోకి కుదించడమే నేరమన్నట్టు రాశావు. ఆ మాటకొస్తే, టీవీలో ఆదరణ చాలక అనుకున్నదానికంటే ముందే ముగిసిన ఆ ధారావాహికకు అసలైన పేరు తెచ్చింది, దాన్నే కుదించి 1977లో థియేటర్లలో విడుదల చేసిన చిత్రం. కనుక కుదింపును తప్పుపట్టకు. కుదింపులో ఏది పోయిందో చూడు. ప్రతి భాగం చివరా కథకుడి గొంతు భూమి అంతానికి ఇంకా ఎన్ని రోజులు మిగిలాయో లెక్క చెప్పేది. వారం వారం తరిగే ఆ అంకె వల్లనే, భూమిని కాపాడే పరికరం కోసం యమాటో నౌక వెళ్లవలసిన 1,48,000 కాంతి సంవత్సరాల దూరం ప్రేక్షకుడికి భారంగా తోచింది. ఒకే విడతలో ముగిసే సినిమాకు ఆ సాధనం అందదు.

నీ వ్యాసానికి ప్రాణం కావలసింది భూమి మీద దాడి చేసే శత్రువు గమిలాస్ విషయం. దాన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. యానిమేలో శత్రువులు మనలాంటి మనుషులే. తమ గ్రహం నశిస్తుంటే భూమిని ఆక్రమించుకోవాలని చూసినవాళ్లు. అందుకే 24వ భాగంలో, గెలిచి కూడా, శిథిలమైన వాళ్ల నగరాన్ని చూస్తూ కథానాయకుడు కొదాయ్, మనం చేయవలసింది యుద్ధం కాదు, ఒకరినొకరు ప్రేమించడం అని కుమిలిపోతాడు. సినిమాలో శత్రువుకు మనిషి ముఖం లేదు. అది ఒకే మనసుతో కదిలే స్ఫటికాకార జీవుల సమూహం. అలాంటివాటిని చంపినందుకు ఎవరూ ఏడవరు. శత్రువు ముఖంతోపాటు ఆ పశ్చాత్తాపమూ పోయింది. ఆ లోటు పూడ్చడానికి కన్నీళ్లు వేరే చోటి నుంచి తేవలసి వచ్చింది. సినిమాలో కొదాయ్ ఒక్కడే నౌకలో మిగిలి, నౌకతో సహా ఆత్మార్పణం చేసుకునే ముగింపు 1978 నాటి యానిమే చిత్రం నుంచి వచ్చింది. ఆ ముగింపును మరుసటి టీవీ ధారావాహికే మార్చి అతణ్ణి బతికించిందన్న సంగతి కూడా నీ పాఠకుడికి తెలియాలి.

ఇక్కడే చరిత్ర కూడా అవసరమవుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ నడిపిన అసలు యమాటో యుద్ధనౌక తిరిగి వస్తుందన్న ఆశ లేకుండానే ఒకినావా వైపు బయలుదేరి, 1945 ఏప్రిల్ 7న సుమారు మూడు వేల మందితో మునిగిపోయింది. 1974 కథ అదే పేరున్న నౌకను వెళ్లి తిరిగి వచ్చే ప్రయాణానికి పంపింది. ఆ కథ బలమంతా అందులోనే ఉందని నా అభిప్రాయం. సినిమా ఆ నౌకను మళ్లీ తిరిగిరాని ప్రయాణం పట్టించింది. అది తెలిసి చేసిన పనా, కథానాయకుడి త్యాగానికి చప్పట్లు పడతాయని చేసిన పనా అన్నది నువ్వు సినిమాలోని సాక్ష్యాలతోనే తేల్చాలి. నాకైతే రెండోదే అనిపిస్తుంది, కాని నా మాట నమ్మి రాయకు.

గ్రాఫిక్స్ గురించి నువ్వు రాసిన పేరా బాగుంది, అలాగే ఉంచు. అదే దర్శకుడి గాడ్జిల్లా చిత్రానికి 2024లో ఆస్కార్ వచ్చిందన్న ప్రస్తావన మాత్రం తీసెయ్యి. తర్వాత వచ్చిన కీర్తి ఈ సినిమాను మెరుగుపరచదు. నటీనటుల పేర్ల వరుస కూడా అక్కర్లేదు. గమిలాస్ దగ్గర మొదలుపెట్టి తిరగరాసి, వీలైతే వచ్చే నెలలోగా పంపు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి