నోట్లో ఏ చోట ఎండుతోందో అడుగు

చిరంజీవి అమ్మలుకు, పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మకు నోరు ఎండిపోతోందని, ఎన్ని నీళ్లు తాగినా తీరడం లేదని రాశావు. డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు ఒక పని చెయ్యి. నోట్లో ఏ చోట ఎండుతోంది, ఏ వేళ ఎండుతోంది అని నెమ్మదిగా అడిగి కాగితం మీద రాసిపెట్టు. నేను నర్సుగా ఉన్నన్నాళ్లూ చూశాను, ఈ వివరం చెప్పలేక ఎందరో "వయసు వల్లేలే" అనిపించుకుని వెనక్కి వెళ్లిపోయేవారు. నాకు అది ఎప్పుడూ బాధగానే ఉండేది.

ముందు అంగిలి సంగతి అడుగు. నాలుక పైకి అతుక్కుంటోందా? అన్నం మెతుకులు అక్కడే అంటుకుపోతున్నాయా? అంగిలి మీద లాలాజలం పొర మామూలుగానే చాలా పలుచన. కాస్త తగ్గినా అక్కడ ఇట్టే తెలిసిపోతుంది. పైగా నిద్రలో లాలాజలం దాదాపు ఊరదు. నోరు తెరిచి నిద్రపోయే అలవాటుంటే తెల్లవారుజామున అంగిలి, గొంతు అట్టకట్టినట్టు అవుతాయి. ఒక్క రాత్రిపూటేనా, పగలంతా ఉందా అన్నది తప్పకుండా రాయి.

తరువాత భోజనం వేళ గమనించు. ఊరికే కూర్చున్నప్పుడు నోటిని తడిపేది ఎక్కువగా దవడ కింది గ్రంథులు. వాటి నీరు నాలుక కిందికి వచ్చి చేరుతుంది. చెవుల ముందుండే పెద్ద గ్రంథులు నమిలేటప్పుడు జోరుగా పనిచేస్తాయి. చపాతీ ముక్క మింగడానికి కూడా ప్రతిసారీ గుక్కెడు నీళ్లు కావలసి వస్తోందంటే, లాలాజలం నిజంగానే బాగా తగ్గి ఉండవచ్చు. ఈ మాట డాక్టరుకు తప్పక చెప్పు. నోరు చూడటానికి తడిగానే ఉన్నా ఎండినట్టు అనిపించేవారూ ఉంటారు. అది వట్టి భ్రమ అని అమ్మతో మాత్రం అనకు, ఆమె పడే బాధ నిజమే.

నాలుక మండుతోందా, ఎర్రగా నున్నగా మారిందా, తెల్లటి మచ్చలున్నాయా చూడు. ఆమెకు షుగరు ఉంది కాబట్టి నోట్లో బూజు తరహా ఇన్ఫెక్షను తొందరగా పట్టుకుంటుంది. కట్టుడు పళ్లు ఒరుసుకుంటున్న చోటు కూడా చూడాలి. కళ్లలో ఇసుక పడ్డట్టుందని, కీళ్ల నొప్పులని అంటే అదీ రాయి. కన్ను, నోరు కలిసి ఎండే షోగ్రెన్ జబ్బు ఒకటుంది, దానికి వేరే పరీక్షలు చేస్తారు.

వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకుని తీసుకెళ్లు. అలర్జీ మాత్రలు, నరాల నొప్పికి ఇచ్చే అమిట్రిప్టిలిన్, మాటిమాటికీ మూత్రం రాకుండా ఇచ్చేవి, ఇవన్నీ నోటిని ఎండబెడతాయి. అలాగని మీ అంతట మీరు ఏదీ ఆపవద్దు. మార్చాలో, తగ్గించాలో డాక్టరే చెప్పాలి.

ఈలోగా నీళ్లు గటగటా తాగించకుండా కొద్దికొద్దిగా చప్పరించమను. చక్కెర లేని చూయింగ్ గమ్ నమిలితే లాలాజలం ఊరుతుంది. పుల్లటి బిళ్లలు, నిమ్మ చప్పరింతలు వద్దు. లాలాజలం కాపలా లేని పళ్లను పులుపు, తీపి రెండూ తినేస్తాయి, ముఖ్యంగా చిగుళ్ల అంచున. ఫ్లోరైడు పేస్టుతో రెండు పూటలా తోమించు. పెదవులకు వాజలీన్ చాలు.

రాసిన కాగితాన్ని ఫోటో తీసి నాకు పంపు. డాక్టరును ఇంకా ఏమైనా అడగాలనిపిస్తే ఫోను చేసి చెబుతాను.

ప్రేమతో,
పెద్దమ్మ