బిర్యానీ తిన్నాక కూల్ డ్రింక్ తాగితే అరుగుతుందా?

ప్రశ్న: మా అబ్బాయికి పధ్నాలుగేళ్లు. మొదట్లో ఆదివారం బిర్యానీతో మాత్రమే కూల్ డ్రింక్ తాగేవాడు. ఇప్పుడు రోజూ క్రికెట్ ఆడొచ్చి 250 మి.లీ. కోలా సీసా ఖాళీ చేస్తున్నాడు. తాగితే తిన్నది అరుగుతుందని మా అత్తగారు అంటారు. చల్లనివి తగిలితే పళ్లు జివ్వుమంటున్నాయంటున్నాడు. కోలా బదులు మామిడి డ్రింక్ ఇవ్వొచ్చా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ముందు అత్తగారి మాట చూద్దాం. తేన్పు వస్తుంది, నిజమే. కానీ అది సీసాలో ఒత్తిడితో ఎక్కించిన కార్బన్ డయాక్సైడ్ తిరిగి బయటికి రావడమే. బిర్యానీ అరిగిందనడానికి అది గుర్తు కాదు. పులితేన్పులున్నవాళ్లకైతే ఛాతీలో మంట పెరుగుతుంది కూడా.

సీసా వెనక 100 మి.లీ.కి చక్కెర ఎంతో రాసి ఉంటుంది. కోలాల్లో సుమారు 10–11 గ్రాములు. అంటే మీవాడు తాగే సీసాలో 26 గ్రాముల దాకా, అయిదారు చెంచాలు. పాలల్లో, కాఫీలో వేసుకునేది కూడా కలిపి రోజుకి 25 గ్రాములు దాటకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. నా దగ్గరికొచ్చే పిల్లలతో నేను ఒక పని చేయిస్తాను: గ్లాసు నీళ్లలో వాళ్ల చేతే ఆరు చెంచాల చక్కెర వేయించి తాగమంటాను. రెండో గుక్కకే మొహం తిప్పుకుంటారు. సీసాలో ఆ తీపిని చల్లదనం, పులుపు కప్పేస్తాయి.

పైగా తాగిన చక్కెర కడుపు నింపదు, రాత్రి అన్నం మామూలుగానే తింటాడు. ఆ చక్కెరలో ఒక భాగమైన ఫ్రక్టోజ్ రోజూ మిగిలిపోతుంటే, దాన్ని కాలేయం కొవ్వుగా మారుస్తుంది. ఈ వయసు పిల్లల స్కానింగుల్లో కాలేయానికి కొవ్వు పట్టిందని చదివినప్పుడల్లా నాకు నిజంగా బాధేస్తుంది.

మామిడి డ్రింకు పండు కాదమ్మా. అందులోనూ చక్కెర దండిగా ఉంటుంది.

జివ్వుమనడాన్ని మాత్రం అశ్రద్ధ చేయకండి. కోలాలోని ఫాస్ఫారిక్ ఆమ్లం పంటి పైపొరను కరిగిస్తుంది. చక్కెర లేని డయట్ రకంలోనూ ఆ ఆమ్లం ఉంటుంది. తాగగానే బ్రష్ చేస్తే మెత్తబడిన పొర ఇంకా అరుగుతుంది. నీళ్లతో పుక్కిలించి, అరగంటాగి తోముకోమనండి. ఈ వారంలోనే దంతవైద్యుడికి చూపించండి.

ఇక సీసాలు ఫ్రిజ్‌లో ఉంచకండి. ఆడొచ్చేసరికి కుండనీళ్లు, ఉప్పేసిన పల్చటి మజ్జిగ సిద్ధంగా పెట్టండి. కోలాలో కెఫీన్ ఉంటుంది కాబట్టి మానేసిన మొదటి రెండు మూడు రోజులు తలనొప్పి, చిరాకు రావచ్చు. అప్పుడు జాలిపడి సీసా తెప్పించకండి.