క్షమాపణ అడిగేదా, దొరికేదా?

సందేహం: "రైల్వేలో పనిచేసి రిటైరయ్యాను. తాగుడుతో ఇల్లు గుల్ల చేసుకున్నవాణ్ణి. ఆరేళ్ల కిందట బాప్తిస్మం తీసుకున్నాను. మొన్న ఆదివారం సంఘంలో సాక్ష్యం చెబుతూ 'నాకు పాపక్షమాపణ దొరికింది, మారుమనస్సు పొందాను, ఇప్పుడు నాది కొత్త ఐడెంటిటీ' అన్నాను. తెలుగు ఎమ్మే చదువుతున్న మా మేనకోడలు ఇంటికొచ్చాక, 'మామయ్యా, క్షమాపణ మనం అడిగేది, దొరికేది క్షమ. మారుమనస్సు కూడా తెలుగు కాదు, పశ్చాత్తాపం అనాలి' అంది. ఎవరిది ఒప్పు?"
– ఒక పాఠకుడు, మెట్టుగూడ, సికింద్రాబాద్

సమాధానం: మొదటి మాటలో అమ్మాయి వాదనకు బలం ఉంది. క్షమ అంటే ఓర్పు. సంస్కృతంలో భూమికీ ఆ పేరుంది. ఆ ధాతువుకు ప్రేరణార్థం చేరితే 'ఎదుటివాడు ఓర్చుకునేలా చేయడం', అంటే బతిమాలుకోవడం. అపరాధక్షమాపణ స్తోత్రాల్లో భక్తుడు చేసేది అదే. మన బేగంబజారు జైనులు పర్యూషణం పండగ చివర ఒకరికొకరు 'మిచ్ఛామి దుక్కడం' అని, తప్పు మన్నించమని చెప్పుకోవడాన్నీ క్షమాపన అనే అంటారు. వ్యుత్పత్తి అడిగేవాడి పక్షానే ఉంది.

వాడుక మాత్రం అక్కడ ఆగలేదు. తెలుగు బైబిల్లో యేసు శిష్యుడు పేతురు జనంతో "మీరు మారుమనస్సు పొంది, పాపక్షమాపణ నిమిత్తము" బాప్తిస్మం పొందమంటాడు. తొలి సంఘాలకు పౌలు రాసిన పత్రికలో, అంటే ఉత్తరంలో, పాపక్షమాపణ "కలుగుచున్నది". ఇక్కడ క్షమాపణ మనిషి చేసే పని కాదు, మనిషికి అందేది. అడిగేవాడి నోట్లో ఉన్న మాట ఇచ్చేవాడి చేతికి వెళ్లింది. యేసు చెప్పిన తప్పిపోయిన కుమారుని కథ చూడండి, ఇల్లు వదిలిపోయి ఆస్తంతా తగలేసినవాడిది. పందులు మేపుతూ వాడు చెప్పవలసిన మాటలు వరుసగా కూర్చుకుంటాడు: పాపం చేశాను, నీ కొడుకుననిపించుకోవడానికి తగను, నన్ను నీ కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో. తీరా ఇంటికొచ్చాక ఆ చివరి మాట వాడి నోట రానే లేదు. తండ్రి అప్పటికే పరుగెత్తుకొచ్చి మెడమీద పడ్డాడు, వస్త్రం తెమ్మని పనివాళ్లకు చెబుతున్నాడు. కొడుకు అడగడం సగంలో ఉండగానే తండ్రి ఇవ్వడం పూర్తయిపోయింది. ఈ కథ తెలిసినవాళ్ల నోట 'క్షమాపణ' అర్థం మారిందంటే నాకు ఆశ్చర్యం లేదు.

ఇక మారుమనస్సు. ఇది తెలుగు కాదన్న మాట విని నాకు నిజంగా కష్టమేసింది. చర్చి తెలుగు అనగానే పెదవి విరవడం మన చదువుకున్నవాళ్లకు అలవాటైపోయింది. 'మారు' అచ్చతెలుగు మాట. ఇంకొకటి, రెండోది, బదులుగా వచ్చేది అని దాని అర్థం. మారుపేరు, మారుమాట, మారుమనువు, మారుతాళం అన్నీ దీని పిల్లలే. గ్రీకు మూలంలో ఉన్నది 'మెటానోయియా', మనసు మారడం. మన అనువాదకులు దానికోసం సంస్కృత నిఘంటువు తిప్పకుండా, మనసుకు ముందు ఒక్క 'మారు' తగిలించారు. మారువేషంతో పోల్చి చూడండి, దాని అందం తెలుస్తుంది. మారువేషంలో మనిషి వాడే, పైది మాత్రం వేరు. మారుమనస్సులో పైన అదే ముఖం, అదే చిరునామా, లోపలిది వేరు.

సికింద్రాబాద్‌లో ఒక స్నేహితుడి బాప్తిస్మానికి వెళ్లాను. తెల్లబట్టల్లో తొట్టిలోంచి లేచాడు, గడ్డం మీంచి నీళ్లు కారుతున్నాయి, చలికి దవడలు కొట్టుకుంటున్నాయి. వాళ్లావిడ మెట్ల దగ్గర తువ్వాలు పట్టుకుని నిలబడి, "మారుబట్టలు ఆ సంచిలో ఉన్నాయండీ" అంది. ఆ పూట వాక్యం, అంటే ప్రసంగం, మారుమనస్సు మీదే. ఒకే 'మారు' వేదిక మీదా, సంచిలోనూ వినబడింది. ఈ మాట తెలుగు కాదంటే నేనెలా ఒప్పుకోను?

పశ్చాత్తాపం మంచి మాటే, కానీ దీనికి బదులు నిలవదు. పశ్చాత్ అంటే తరవాత, తాపం అంటే మంట. చేసిన తరవాత మండడం, అంతవరకే. తెలుగు బైబిల్ ఈ తేడాను జాగ్రత్తగా పాటించింది. యేసును అప్పగించిన యూదా వెండి నాణేలు తిరిగిచ్చే చోట "పశ్చాత్తాపపడి" అని ఉంది, మారుమనస్సు పొంది అని లేదు. గ్రీకులోనూ అక్కడ క్రియ వేరే. యూదా మండిపోయాడు, అక్కడితో ఆగిపోయాడు. ఇంకో సంగతి: పశ్చాత్తాపం 'పడతాం', మారుమనస్సు 'పొందుతాం'. మార్చుకోమనకుండా పొందమన్నారు. ఆ క్రియను దయచేసి పాడుచేయకండి. 'మనసు మార్చుకున్నాను' అంటే పెళ్లి సంబంధం వద్దనుకున్నవాడి మాటలా ఉంటుంది.

ఐడెంటిటీకి 'గుర్తింపు' అనవచ్చు, కానీ అది ఎదుటివాళ్లు ఇచ్చేది, ఆఫీసు కార్డు మీద ఉండేది. 'అస్తిత్వం' వ్యాసాల మాట. మీకు "నూతన సృష్టి" అన్న పౌలు మాట చేతిలో ఉండగా ఇంగ్లీషు ఎందుకు తెచ్చుకున్నారో నాకు అర్థం కాలేదు.

తీర్పు అడిగారు కాబట్టి: సాక్ష్యంలో 'పాపక్షమాపణ దొరికింది' అనడం సంఘంలో స్థిరపడిన వాడుక, దాన్ని తప్పనలేను. బయట రాసేటప్పుడు అడిగేదానికి క్షమాపణ, ఇచ్చేదానికి క్షమ అని విడదీస్తే మేలనిపిస్తుంది, అంతకుమించి పట్టుబట్టను. పేపర్లవాళ్లు రోజూ అచ్చేసే 'క్షమాపణలు' అనే బహువచనం మాత్రం నాకు మింగుడుపడదు. తప్పు ఒక్కటైనప్పుడు క్షమాపణ పది ఎందుకు? మీ ఉత్తరం చివర, ఆ తాగుడు రోజుల్లో మాట పడిన మీ అన్నగారికి 'క్షమాపణలు' అని ఫోన్లో మెసేజ్ పెట్టానని రాశారు. ఆయన ఇంటికి వెళ్లి, ఎదురుగా కూర్చుని, ఏకవచనంలో అడగండి.