చెన్నై రైలెక్కే ముందు ఇది చదువు

అమ్మా సుధా,

శనివారం రాత్రి రైలుకి చెర్రీని పెద్దాసుపత్రిలో చూపించడానికి చెన్నై తీసుకెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. రెండున్నర నెలల కుక్కపిల్ల కోసం సెలవు పెట్టి, దాచుకున్న డబ్బు తీసి, భాష రాని ఊరికి ఒక్కదానివే బయల్దేరుతున్నావని విన్నాక చాలా గర్వంగా అనిపించింది. ఆ వెనకే భయమూ పట్టుకుంది, రాత్రంతా నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెప్పే సంగతులు కావివి. దగ్గర పెట్టుకుని మళ్ళీ మళ్ళీ చూసుకోవాలి కాబట్టి రాస్తున్నాను. ఈ పూటే చదువు.

నీకు తెలిసినవి ముందు ఒక్క ముక్కలో చెప్పేస్తాను. టీకాల పుస్తకం, నులిపురుగుల మందు వేసిన తేదీ, ఇప్పటిదాకా వాడిన చీటీలు అన్నీ ఒక కవర్లో పెట్టుకో. రోజూ ఒకే వేళకి బరువు చూసి రాయి. ఎంత బాధపడుతున్నట్టు కనిపించినా మనుషుల మాత్ర ఒక్కటీ వెయ్యకు. బ్రూఫెన్ లాంటివి కుక్కపిల్ల కడుపునీ కిడ్నీలనీ పాడు చేస్తాయి.

ఇక అసలు విషయం. వాంతులు అవుతున్నాయని మీ అమ్మ అంది. నువ్వేమో తిన్న అన్నం తిన్నట్టే వచ్చేస్తోందని అన్నావట. ఈ రెండూ ఒకటి కావు తల్లీ. వాంతి చేసుకునే కుక్క ముందు అటూ ఇటూ తిరుగుతుంది, చొంగ కారుస్తుంది, పొట్ట ఎగేసి ఎగేసి లోపలిదంతా బయటికి తోస్తుంది. పసరు కూడా పడుతుంది. అలా కాకుండా, నిలబడ్డది నిలబడ్డట్టే తల వంచి, పొట్ట కదలకుండా, అరగని ముద్ద జారవిడిచి, మళ్ళీ దాన్నే ఆత్రంగా తింటోందంటే ఆ అన్నం కడుపు దాకా చేరనే లేదన్నమాట. అన్నవాహికలోనే ఆగి వెనక్కి వచ్చింది. కాబట్టి ఇవాళే ఫోన్‌తో వీడియో తియ్యి. తినడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి బయటికి వచ్చేదాకా, పొట్ట కనిపించేలా పక్కనుంచి తియ్యి. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా నోరు తెరిచే ముందు ఆ వీడియో చూపించు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మన ఇంట్లోనే ఒకసారి ఇలా జరిగింది. మీ నాన్న నీకెప్పుడూ చెప్పి ఉండడు.

పెళ్ళికి ముందు, తెనాలిలో ఉన్నప్పుడు మీ నాన్న ఒక అల్సేషన్ పిల్లని తెచ్చుకున్నాడు. అప్పట్లో జర్మన్ షెపర్డ్‌ని అందరం అల్సేషన్ అనేవాళ్ళం. జానీ అని పేరు పెట్టాడు. పాలు మాన్పించి పెరుగన్నం పెట్టడం మొదలుపెట్టాక అది తిన్నదల్లా వెనక్కి వచ్చేసేది. దాని తోటి పిల్లలు వేరే ఇళ్ళల్లో దిట్టంగా పెరుగుతుంటే ఇది మాత్రం చెవులూ కాళ్ళూ తప్ప ఇంకేమీ లేనట్టుండేది. నేనప్పుడు పశువుల డాక్టర్‌గా పాడేరు ఏజెన్సీలో ఉన్నాను. ఉత్తరం అందడానికే రోజులు పట్టేది. మీ నాన్న దాన్ని ఒకచోట చూపించి వాంతులన్నాడు. నులిపురుగులన్నారు, మందు వేశారు. తగ్గకపోతే ఇంకోచోటికి తీసుకెళ్ళి మళ్ళీ వాంతులే అన్నాడు. పార్వో అనే వైరస్ జబ్బు కావచ్చని సెలైన్ ఎక్కించారు. మూడోచోట కడుపులో పుండన్నారు. వాళ్ళని తప్పుపట్టలేను. ఆ వయసు పిల్లకి వాంతులంటే ఎవరికైనా ముందు తోచేవి అవే. కానీ వెళ్ళిన ప్రతిచోటా కథ మళ్ళీ మొదటికొచ్చేది. ముందువాళ్ళు ఏం వాడారో మీ నాన్న చెప్పేవాడు కాదు. చెప్తే కొత్త డాక్టర్ నొచ్చుకుంటాడని మొహమాటం. తినేటప్పుడు ఎలా ఉంటుందో ఎవరూ చూడలేదు. క్లినిక్‌లో బల్లమీద అది బుద్ధిగా కూర్చునేది.

చివరికి పిల్ల నీరసించిపోయింది. జావ తాగిస్తే బలం వస్తుందని ఎవరో చెప్పారు. మీ నాన్న దాన్ని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుని, మూతి పైకెత్తి, ఉగ్గుగిన్నెతో రాగిజావ పోశాడు. దూడలకి మందు తాగించడం చూసి పెరిగినవాడు మరి, అలాగే పోశాడు. అది ఉక్కిరిబిక్కిరై దగ్గింది. కాసేపటికి సర్దుకుంది. సర్దుకుందనే అనుకున్నాడు. తెల్లారేసరికి జ్వరం, ఎగశ్వాస. ముక్కులోంచి జావ రంగు చీమిడి. అప్పుడు తిరుపతి పశువైద్య కాలేజీకి తీసుకెళ్దామని తువ్వాల్లో చుట్టుకుని బస్సెక్కాడు. ఒంగోలు చేరకముందే పోయింది.

తర్వాత నేను సెలవు మీద వచ్చినప్పుడు ఏం జరిగిందో ఒక్కొక్కటే చెప్పించుకున్నాను. పొట్ట ఎగెయ్యలేదని, తిన్న వెంటనే వచ్చేసేదని అప్పుడు చెప్పాడు. అన్నవాహిక జబ్బు దాన్ని చిక్కిపోయేలా చేసింది కానీ, ప్రాణం తీసింది మాత్రం ఊపిరితిత్తుల్లోకి దిగిన ఆ జావే. ఆ రోజు నుంచి మీ నాన్న ఇంట్లో కుక్కని పెట్టుకోలేదు. నువ్వు చెర్రీని తెచ్చినప్పుడు ముభావంగా ఉన్నాడని బాధపడ్డావు కదా. నీమీద కోపం కాదమ్మా అది.

అందుకే మరీ మరీ చెప్తున్నాను. దానంతట అది నాకి తాగాలి తప్ప నువ్వు నోట్లో ఏదీ పొయ్యకు. సిరప్ అయినా, గ్లూకోజ్ నీళ్ళైనా, చివరికి ఎవరైనా పవిత్రమని ఇచ్చిన తీర్థమైనా సరే. మందు తప్పనిసరైతే ఇంజెక్షన్‌గా ఇవ్వగలరా అని అడుగు. గిన్నె స్టూల్ మీద పెట్టి, ముందుకాళ్ళు ఎత్తులో ఉండేలా నిలబెట్టి తినిపించు. తిన్నాక పది పదిహేను నిమిషాలు, వీలైతే ఇంకాసేపు, నిటారుగా భుజాన వేసుకుని ఉండు. ఒకేసారి కడుపునిండా పెట్టకుండా కొంచెం కొంచెంగా రోజుకి నాలుగైదుసార్లు పెట్టు. పూర్తిగా మాన్పించావో, ఈ వయసు పిల్లకి ఒంట్లో చక్కెర పడిపోయి ఫిట్స్ వస్తాయి. పల్చగా పెడితే నిలుస్తోందా, గట్టిగా పెడితేనా అన్నది చూసి రాసుకో. అది డాక్టర్‌కి చాలా పనికొస్తుంది.

నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో రోజూ లెక్కపెట్టు. నలభై దాటి పెరుగుతూ పోతున్నా, దగ్గు మొదలైనా, ఒళ్ళు 103 డిగ్రీలు దాటి కాలుతున్నా, చిగుళ్ళు పాలిపోయినా నీలంగా మారినా ఇక చెన్నై లేదు, శనివారం లేదు. దగ్గర్లో ఆక్సిజన్ పెట్టగలిగిన ఆసుపత్రికి ఆ నిమిషమే పరిగెత్తు.

నాకున్న అనుమానం ఇది. కడుపులో పిల్ల పెరిగేటప్పుడు గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం ఎడమవైపు తిరగాలి. కొన్నిట్లో కుడివైపు తిరుగుతుంది. అప్పుడు పుట్టుకకు ముందు పనిచేసిన ఓ చిన్న నాళం, తర్వాత ఎండి నరంలా మిగిలేది, అన్నవాహికకి అడ్డంగా బిగుసుకుంటుంది. నిండు గోనెసంచి మూతికి తాడు కట్టినట్టే. పాలు జారిపోతాయి, అన్నం ఆగిపోతుంది. అందుకే పాలు తాగినన్నాళ్ళూ పిల్ల బాగానే ఉంటుంది. దీన్ని డాక్టర్లు వాస్కులర్ రింగ్ అంటారు. ఛాతీ ఎడమవైపు పక్కటెముకల మధ్య నుంచి తెరిచి ఆ నరాన్ని కట్టి కోసేస్తే దారి తెరుచుకుంటుంది. అయితే ఆలస్యమయ్యే కొద్దీ పైభాగం సాగిపోతుంది. సాగింది పూర్తిగా మామూలవుతుందన్న హామీ లేదు. ఆపరేషన్ తర్వాత కూడా కొన్నాళ్ళు, ఒక్కోసారి జీవితాంతం, నిలబెట్టే తినిపించాల్సి రావచ్చు.

రెండో అవకాశం, అన్నవాహిక మొత్తం బలం లేకుండా వదులైపోవడం. మెగా ఈసోఫేగస్ అంటారు. దీనికి కోసేదేమీ ఉండదు. తినిపించే పద్ధతే వైద్యం. పెరిగే కొద్దీ సర్దుకున్న పిల్లలూ ఉన్నాయి. ఈ రెండూ జర్మన్ షెపర్డ్‌లలో ఎక్కువగానే కనిపిస్తాయి. ఏది ఉందో తేలకుండా చెన్నై వెళ్ళి ఏం చేస్తావు చెప్పు? రెండోదైతే రానూపోనూ ప్రయాణం పిల్లకి శిక్ష తప్ప ఇంకేమీ కాదు.

కాబట్టి ముందు గన్నవరం వెళ్ళు. ఏలూరు నుంచి గంట ప్రయాణం. ఎన్టీఆర్ పశువైద్య కళాశాల 1998 నుంచి ఉంది. బోధనాసుపత్రి కాబట్టి మెడిసిన్ వాళ్ళు, సర్జరీ వాళ్ళు ఒకే ప్రాంగణంలో దొరుకుతారు. పొద్దున్నే ఫోన్ చేసి ఓపీ వేళలు కనుక్కుని వెళ్ళు. ఛాతీ ఎక్స్‌రే రెండు కోణాల్లో తీయించు. ముందు మామూలుది తీస్తారు, ఊపిరితిత్తుల్లో నిమ్ము ఉంటే అందులోనే తెలుస్తుంది. అవసరమైతే ఎక్స్‌రేలో తెల్లగా కనిపించే బేరియం మందు తినిపించి మళ్ళీ తీస్తారు. గుండెకి ముందు భాగమే ఉబ్బి అక్కడ ఆగిపోయిందంటే మొదటి జబ్బు వైపు చూపు. పొడవునా వదులుగా ఉంటే రెండోది. బేరియం కూడా పొలమారితే ప్రమాదమే, అందుకే తినిపించే మనిషి పక్కనే నువ్వుండు. ఫిల్మ్‌లు, సీడీ ఏదైనా సరే అడిగి తెచ్చుకో.

రింగ్ అని తేలితే అప్పుడు స్పెషలిస్టుని వెతుకు. బోర్డు మీద పెద్ద అక్షరాలు చూసి మోసపోకు. బీవీఎస్సీ అంటే పశువైద్య డిగ్రీ, దాని తర్వాత ఎంవీఎస్సీ అనే పీజీ ఏ శాఖలో చేశారో అడుగు. పోషణలో ఎంవీఎస్సీ ఉండవచ్చు, జన్యుశాస్త్రంలో ఉండవచ్చు. నీకు కావలసింది సర్జరీ, రేడియాలజీ. అడగడానికి సిగ్గుపడకు. నా సర్వీసంతా గేదెలూ దూడలతోనే గడిచింది. ఎవరైనా నన్ను కుక్క ఛాతీ తెరవగలరా అని అడిగి ఉంటే, నా పని కాదని చెప్పి పెద్దాసుపత్రికి పంపేవాణ్ణి. మంచి డాక్టర్ అలాగే చెప్తాడు.

తిరుపతి వెటర్నరీ కాలేజీ 1955 నాటిది, హైదరాబాద్ రాజేంద్రనగర్‌ది అంతకన్నా పాతది. చెన్నై వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ 1903లో మొదలైంది. నీకు దాని పేరు చెప్పినవాళ్ళు తప్పు చెప్పలేదు. కానీ పేరు పెద్దదని బయల్దేరిపోకు. ముందు ఫోన్ చెయ్యి, ఎక్స్‌రేలు పంపు, ఇవి అడుగు. ఈ ఆపరేషన్ చేసే సర్జన్ ఆ వారంలో ఉంటారా? ఛాతీ తెరిచినప్పుడు కుక్క దానంతటది ఊపిరి తీసుకోలేదు, వెంటిలేటర్‌తో మత్తు చూసే మనిషి ఉన్నారా? ఆపరేషన్ అయిన రాత్రి పిల్లని ఎవరు చూస్తారు? ఖర్చు మొత్తం ఎంతవుతుంది, మందులు బయట కొనాలా? వీటికి సూటిగా జవాబిచ్చే చోటికే వెళ్ళు. అది ప్రైవేట్ ఆసుపత్రి అయినా సరే, ప్రభుత్వానిదైనా సరే. డబ్బు సంగతి నాకొదిలెయ్యి. పెదనాన్న దగ్గర మొహమాటపడితే మాత్రం కోప్పడతాను.

ఇప్పుడు ఆ రైలు. సుధా, నీకెవరు చెప్పారో గానీ కుక్కని స్లీపర్లోకో థర్డ్ ఏసీలోకో రానివ్వరు. ఏసీ ఫస్ట్ క్లాస్‌లో కూపే మొత్తం మనకే దక్కితే వెంట ఉంచుకోనిస్తారు. లేకపోతే వెనక బ్రేక్ వ్యాన్‌లో ఉండే కుక్కల పెట్టెలో వెయ్యాలి. చీకట్లో, ఇనప పెట్టెలో, పడుకున్నచోటే అన్నం వెనక్కి వస్తే ఎత్తి నిలబెట్టేవాళ్ళు ఎవరుంటారు? నాకు నిద్ర పట్టనిది దీనికే. ఆ టికెట్ రద్దు చేసెయ్యి. తప్పనిసరిగా వెళ్ళాల్సొస్తే కారులో, తిండి పెట్టి కొన్ని గంటలు గడిచాక, పిల్ల ఛాతీ ఎత్తులో ఉండేలా ఒళ్ళో పెట్టుకుని వెళ్ళు.

ఇంకోటి. ఏ ఆసుపత్రిలోనైనా చెర్రీని నేలమీద దింపకు. టీకాలు 16 వారాల వయసు దాకా పడుతూనే ఉండాలి, దానికింకా పూర్తి కాలేదు. ఓపీ వరండాలో పార్వో పిల్లలు వచ్చి వెళ్తుంటాయి. ఆ వైరస్ నేలమీద నెలల తరబడి చావదు. బరువు చూసే బల్లమీద కూడా నీ తువ్వాలు పరిచి పెట్టు. ఇంటికి రాగానే చెప్పులు బయటే వదిలెయ్యి. పక్కవాళ్ళ కుక్క ముద్దుగా ఉందని నిమిరిన చేత్తో దీన్ని ముట్టుకోకు.

అన్నీ చేశాక కూడా పిల్ల తట్టుకోలేదని, ఆపరేషన్‌కి బలం చాలదని డాక్టర్ అంటే విను. వాదించకు, ఇంకో ఊరికి పరిగెత్తకు. ముందు నిమ్ము తగ్గించి, కాస్త ఒళ్ళు చేశాక చేద్దామంటే అది వాయిదా కాదు, అదీ వైద్యమే. ఏం చేసినా ఫలితం ఉండదని నాలాంటి ముసలి డాక్టర్ కాకుండా ఆ పని రోజూ చేసే సర్జన్ చెప్తే, అప్పుడు నాకు ఫోన్ చెయ్యి. ఆ నిర్ణయం నువ్వొక్కదానివే తీసుకోనక్కర్లేదు. ఏ వేళైనా నేనొస్తాను.

గన్నవరానికి మీ నాన్నని తీసుకెళ్ళు. నేను చెప్పానని చెప్పు. కారు తనే నడుపుతాడు, నువ్వు పిల్లని పట్టుకోవచ్చు. తినిపించేటప్పుడు గిన్నె కూడా తనచేతే పట్టించు. రానంటే ఒకసారి అడిగి ఊరుకోకు, రెండోసారి అడుగు. ఎక్స్‌రే చేతికి రాగానే కిటికీ వెలుతురుకి పెట్టి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపించు.

మీ
పెదనాన్న