అబ్జర్వేషన్ హోంలో ఉన్న మేనల్లుడికి మందులు అందుతున్నాయో లేదో తెలియడం లేదు: ఏం చేయాలి?

ప్రశ్న: మా అక్క కొడుకుకు 15 ఏళ్లు. చిన్నప్పటి నుంచి మూర్ఛ ఉంది. వయసుకు తగ్గ బుద్ధి వికాసం లేదు, ఎవరేం అడిగినా తల ఊపేస్తాడు. తోటి పిల్లలతో కలిసి బైకు దొంగిలించాడని కేసు పెట్టి, 12 రోజులుగా అబ్జర్వేషన్ హోంలో (కేసు విచారణలో ఉన్న పిల్లలను ఉంచే చోటు) ఉంచారు. రోజూ రెండు పూటలా వేసుకోవలసిన మాత్రలు ఇస్తున్నారా అని అడిగితే, ‘ఇక్కడ పిల్లలందరూ ఒకటే’ అన్నారు. బావ చనిపోయారు. గట్టిగా అడిగితే వాడినే ఇబ్బంది పెడతారేమోనని అక్క భయపడుతోంది. మేం ఏం అడగవచ్చు?

జవాబు: మీ అక్కగారి భయం అర్థం చేసుకోదగినదే గాని, ఇక్కడ అడగడం కంటే ఊరుకోవడంలోనే ప్రమాదం ఎక్కువ. మూర్ఛ మందు హఠాత్తుగా ఆగిపోతే ఫిట్స్ తిరగబెట్టి ప్రాణం మీదికి రావచ్చు. కాబట్టి కేసు సంగతి తర్వాత, ముందు ఈ పని రేపే చేయండి. ఏ మాత్ర, ఎంత మోతాదు, ఏ వేళకు వేయాలి, చివరిసారి ఫిట్స్ ఎప్పుడు వచ్చాయి అన్న వివరాలు ఒక పేజీలో రాసి, డాక్టరు చీటీ నకలు జతచేసి, హోం సూపరింటెండెంటుకు ఒక ప్రతి, పిల్లల కేసులు విచారించే జువైనల్ జస్టిస్ బోర్డుకు ఒక ప్రతి ఇవ్వండి. మీ దగ్గర ఉంచుకునే ప్రతి మీద తేదీతో సహా సంతకం, ముద్ర వేయించుకోండి. ఆ ముద్ర ఉంటే ‘మాకెవరూ చెప్పలేదు’ అన్న మాటకు ఇక తావుండదు.

పిల్లలందరూ ఒకటే అన్న మాట వినడానికి బాగానే ఉంటుంది, కానీ చట్టం చెప్పేది అది కాదు. 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం 53వ సెక్షన్ ప్రకారం హోం కల్పించవలసిన సేవల్లో తిండి, బట్ట, వైద్యంతో పాటు మానసిక ఆరోగ్య సేవలు, కౌన్సెలింగ్, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు తగిన చదువు, ఒక్కొక్కరికి విడిగా తయారుచేసే సంరక్షణ ప్రణాళిక కూడా ఉన్నాయి. పిల్లలను విడివిడిగా ఉంచేటప్పుడు వయసుతో పాటు శారీరక, మానసిక స్థితిని కూడా చూడాలని 47వ సెక్షన్ అంటోంది. దీర్ఘకాలం చికిత్స అవసరమైన జబ్బు ఉన్నట్లు తేలితే, ఆ చికిత్సకు తగిన చోటికి పంపే అధికారం 92వ సెక్షన్ కింద బోర్డుకు ఉంది. మీరు అడుగుతున్నది దయ కాదని అక్కగారికి నచ్చజెప్పండి.

అయితే, నా అభిప్రాయంలో ఆ పిల్లవాడి అవసరాలు ఎక్కడైనా సరిగ్గా తీరతాయంటే అది తల్లి దగ్గరే. బెయిలు పిటిషన్ వేయకపోతే వెంటనే వేయండి. 12వ సెక్షన్ కింద నేరం బెయిలుకు వీలైనదా కాదా అన్నదానితో సంబంధం లేకుండా పిల్లలకు బెయిలు ఇవ్వడమే నియమం. విడుదలైతే నేరస్థులుగా తెలిసినవారి సాంగత్యంలో పడతాడనో, నైతికంగా, శారీరకంగా, మానసికంగా ప్రమాదానికి గురవుతాడనో, న్యాయానికి విఘాతం కలుగుతుందనో నమ్మడానికి తగిన ఆధారం ఉంటేనే నిరాకరించవచ్చు, అప్పుడు కూడా కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి. తండ్రి లేడు కాబట్టి అదుపు చేసేవారు లేరన్న వాదన రావచ్చు. మేనమామగా మీరు బాధ్యత తీసుకుంటున్నట్లు అఫిడవిట్ దాఖలు చేస్తే ఆ వాదనకు బలం తగ్గుతుంది. షరతుల బరువు మోయలేక బెయిలు వచ్చినా ఏడు రోజుల్లో బయటకు రాలేకపోతే, షరతులు సడలించడానికి పిల్లవాడిని మళ్లీ బోర్డు ముందు హాజరుపరచాలి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ‘ఎవరేం అడిగినా తల ఊపేస్తాడు’ అన్న వాక్యం. ‘బండి నువ్వే తీశావా’ అన్నా, ‘నువ్వు తీయలేదు కదా’ అన్నా అతను ఒకేలా తల ఊపితే, ఆ ఊపును ఒప్పుకోలుగా రాసుకునే ప్రమాదం ఉంది. ఈ సంగతిని వైకల్య ధ్రువపత్రంతో, చదివిన బడి ఉపాధ్యాయుల లేఖతో బోర్డు దృష్టికి తీసుకురండి. విచారణలో పిల్లవాడు, తల్లి విషయం అర్థం చేసుకుని పాల్గొనేలా చూడడం 8వ సెక్షన్ కింద బోర్డు బాధ్యత. అదే సెక్షన్ ప్రకారం ప్రొబేషన్ అధికారి పిల్లవాడి నేపథ్యం, ఇంటి పరిస్థితి విచారించి 15 రోజుల్లో సామాజిక దర్యాప్తు నివేదిక ఇవ్వాలి. ఇప్పటికి 12 రోజులైందంటున్నారు గనుక, ఆ నివేదిక రాసే లోపే అధికారిని కలిసి, జబ్బు గురించి, ఇంటి పరిస్థితి గురించి స్వయంగా చెప్పండి. బోర్డు సభ్యులు పిల్లవాడిని చూసేది కొద్ది నిమిషాలే, అతని జీవితం వారికి తెలిసేది ఎక్కువగా ఈ నివేదిక ద్వారానే.

లాయరు ఫీజు గురించి దిగులు పడవద్దు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది, 15100కు ఫోను చేసి కూడా అడగవచ్చు.

ఇక ఇబ్బంది పెడతారేమో అన్న భయం గురించి. సంరక్షణ అప్పగించిన సంస్థలో పనిచేసేవారు పిల్లవాడిని కొట్టినా, బుద్ధిపూర్వకంగా నిర్లక్ష్యం చేసినా, 75వ సెక్షన్ కింద 5 సంవత్సరాల వరకు కఠిన కారాగార శిక్ష, 5 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. కలవడానికి వెళ్లినప్పుడు ‘బాగున్నావా’ అని అడిగితే అలవాటు ప్రకారం తల ఊపుతాడు. అలా అడగకుండా, పొద్దున ఏం తిన్నావు, మాత్ర ఎవరిచ్చారు, రాత్రి ఎక్కడ పడుకున్నావు అని అడిగి, చేతులు, నాలుక చూడండి. ఫిట్స్ వచ్చినప్పుడు నాలుక కొరుక్కున్న గాయం కనిపించవచ్చు. అనుమానం వస్తే ఆ రోజే తేదీ వేసి రాసి, వైద్య పరీక్ష కోరుతూ బోర్డుకు ఇవ్వండి. పిల్లల సహాయ నంబరు 1098కి కూడా తెలియజేయవచ్చు. పిల్లవాడి పేరు, ఫొటో మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి, అతని గుర్తింపు బయటపెట్టడాన్ని 74వ సెక్షన్ నిషేధిస్తోంది.