మే పువ్వు గడ్డను తవ్వి చూడకండి

ప్రశ్న: మూడేళ్ల క్రితం ఆరు మే పువ్వు గడ్డలు తెచ్చి పెరట్లో నాటాను. తొలి వేసవిలో ఎర్రటి బంతుల్లా పూశాయి. తర్వాత రెండేళ్లూ ఆకులే, పువ్వు లేదు. చలికాలంలో ఆకులు ఎండిపోతుంటే చచ్చిపోతున్నాయేమోనని నీళ్లు, యూరియా ఇస్తున్నాను. అప్పుడప్పుడు తవ్వి చూస్తున్నాను. ఏం చేయాలి?

జవాబు: మీ మొక్కలకు తెగులేమీ ఉన్నట్టు లేదు. పడుకునే వేళ మీరు వాటిని పడుకోనివ్వడం లేదు, అంతే.

ఫుట్‌బాల్ లిల్లీ అని కూడా పిలిచే ఈ మొక్క (స్కాడాక్సస్ మల్టీఫ్లోరస్) పుట్టిల్లు ఆఫ్రికా. వానలకు లేచి, తేమ తగ్గగానే ఆకు రాల్చి గడ్డలో దాక్కోవడం దాని నైజం. ఒక్కో బంతిలో 200 వరకు చిన్న పూలుంటాయి. ఆ ఖర్చంతా గడ్డే భరించాలి. దాన్ని నింపేది కిందటేడు ఆకులు. కాబట్టి ఆకు పచ్చగా ఉన్నన్నాళ్లూ మేపాలి, పసుపెక్కాక మానెయ్యాలి. మీరు తిరగేసి చేస్తున్నారు.

ఈసారి పువ్వు వస్తే, అది వాడాక కాడ మాత్రం కోయండి. పువ్వు వచ్చినా రాకున్నా ఆకులు పచ్చగా ఉన్నప్పుడు మొక్క చుట్టూ గుప్పెడు చివికిన పశువుల ఎరువు, కొంచెం పొటాష్ వేయండి. యూరియా వద్దు, అది ఆకునే పెంచుతుంది. ఆకులు వాటంతట అవే ఎండేదాకా కోయకండి. ఎండాక వేసవిలో మొలక పొడుచుకొచ్చేవరకు నీరు పోయకండి.

తవ్వడమైతే పూర్తిగా మానండి. దీని వేళ్లు కండపట్టి ఉంటాయి, తెగితే మొక్క ఆ ఏడాది పూయకుండా అలుగుతుంది. బతికుందో లేదో తెలియాలంటే పైమట్టి వేలితో కాస్త తోసి గడ్డ మెడను (పైన సన్నబడే భాగాన్ని) నొక్కి చూడండి. ఉల్లిగడ్డలా గట్టిగా తగిలితే నిక్షేపం. మెత్తగా దిగబడి వాసన వస్తే కుళ్లినట్టే. అలాంటిది తీసేసి, ఆ చోట కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే బూజు మందు లీటరు నీటికి 3 గ్రాములు కలిపి పోయండి. నాటినప్పుడు మెడ మట్టిపైకి కనబడేలా ఉండాలి, లోతుగా పూడ్చినా పూత తగ్గుతుంది. ఉదయపు ఎండ, మధ్యాహ్నం నీడ పడే చోటు మేలు.

గడ్డలో విషముంది. విడిగా తీసిన పిల్లగడ్డలను వంటింట్లో ఉల్లిగడ్డల దగ్గర పెట్టకండి.