లావోస్ కొండల్లో సైకిల్ యాత్రకు గైడు అవసరమా, ఫోనులో మ్యాపు చాలదా?

మీరు అడిగినవి రెండు విషయాలు. నలభై ఎనిమిదేళ్ల వయసులో ఉత్తర లావోస్ కొండల్లో సైకిల్ తొక్కగలనా అన్నది ఒకటి. గైడు, వెనక వ్యాను, మెకానిక్కు అంటూ కంపెనీలు అడిగే సొమ్మంతా దండగే కదా, ఫోనులో మ్యాపు చూసుకుంటూ సొంతంగా వెళ్లలేమా అన్నది రెండోది. మొదటిదానికి ఒక్క ముక్కలో జవాబు: తొక్కగలరు. మా బృందంలో అందరికన్నా హుషారుగా ఎక్కినాయన అరవై దాటిన విశ్రాంత బ్యాంకు అధికారి. చిన్న గేరులో నిదానంగా ఎక్కేవారికి వయసు అడ్డం కాదు. నేను చెప్పదలచుకున్నదంతా రెండోదాని గురించే.

మేము వెళ్లింది లువాంగ్ ప్రబాంగ్ నుంచి దక్షిణంగా 13వ నంబరు రోడ్డు మీద ఫూ ఖూన్ దాకా, అక్కడ తూర్పుకు తిరిగి 7వ నంబరు రోడ్డు మీద ఫోన్సావాన్ దాకా. లువాంగ్ ప్రబాంగ్ మెకాంగ్ ఒడ్డున సుమారు 300 మీటర్ల ఎత్తులో ఉంటుంది. దాదాపు 80 కిలోమీటర్ల దూరంలోని కియు కాచం అనే కొండ ఊరు 1,400 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. పోనీ నేరుగా ఎక్కుతామా అంటే అదీ కాదు. ఒక కొండ ఎక్కి, ఎక్కినదంతా ఏటి దాకా దిగి, మళ్లీ మొదటి నుంచి ఎక్కాలి. ఊళ్లన్నీ కొండ వెన్ను మీద, రోడ్డును ఆనుకునే ఉంటాయి. ఇంటి ముందు తారు, ఇంటి వెనక లోయ. ఖ్ము, హ్మోంగ్ తెగలవాళ్లవి ఆ ఊళ్లు. పిల్లలు ‘సబాయిదీ’ (మన నమస్తే లాంటిది) అని అరుస్తూ, మన చేతికి చెయ్యి తగిలించాలని వరుసకట్టి నిలబడతారు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో రోడ్డు వారగా గడ్డి వెన్నులు ఆరబెడతారు. దగ్గరికి వెళ్లి చూస్తే మన పాడేరు, అరకు సంతల్లో కట్టలుగా అమ్మే కొండచీపురే! వాలుల మీద పోడు కూడా మన మన్యంలో చేసేదే. ఆ కొండలు నాకు పరాయివిగా అనిపించలేదు.

ఇక దారి అంటారా, ఉన్నది ఒక్కటే రోడ్డు. తప్పిపోవడానికి వీల్లేదు. గైడు వద్దనేవాళ్లందరూ చూపే కారణం ఇదే. దారి తెలిసినప్పుడు దారి చూపేవాడికి డబ్బెందుకు అంటారు. ఈ మాట ఎక్కువగా అనేది ఫూ ఖూన్ దగ్గర తూర్పుకు తిరగకుండా నేరుగా వాంగ్ వియెంగ్‌కు దిగిపోయినవాళ్లు. 7వ నంబరు రోడ్డు తొక్కినవాళ్లు ఇంత తేలిగ్గా మాట్లాడరు.

మా గైడుది ఫోన్సావాన్ పక్కన ఒక పల్లె. ముప్పై ఏళ్ల కుర్రవాడు, గొంతు పెంచి మాట్లాడడం మేమెవరం వినలేదు. అయితే అతని పద్ధతి ఒకటి మాకు మింగుడుపడేది కాదు. మధ్యాహ్నం భోజనానికి ఎప్పుడు ఆగినా, తారు అంచున ఎండలోనే చాప పరిచేవాడు, లేదంటే ఏదో ఒక ఇంటి వాకిట్లో కూర్చోబెట్టేవాడు. పదడుగుల అవతల చల్లని నీడ ఉన్నా అటు పోనిచ్చేవాడు కాదు. ఎండ నెత్తిన మాడుతుంటే మేము గొణుక్కునేవాళ్లం.

ఫోన్సావాన్ ఉన్న షియెంగ్ ఖువాంగ్ రాష్ట్రంలోకి వచ్చాక ఒక దిగుడులో ఆ బ్యాంకు ఆయన సైకిల్ వెనక టైరు పంక్చరైంది. ఆయన్ని అందరం బాబాయిగారు అనేవాళ్లం. వ్యాను ఇంకా వెనకే ఉంది. బాబాయిగారు ట్యూబు తానే మార్చుకుందామని సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దిగి, కాలవ దాటి, మోకాలెత్తు గడ్డిలో ఒక చెట్టు నీడకు వెళ్లారు. మా వెనకాల మలుపు తిరిగిన గైడు అది చూశాడు. సైకిల్ రోడ్డు మీద పడేసి, “కదలకండి! సైకిల్ అక్కడే వదలండి!” అని కేక పెట్టాడు. లోయ మారుమోగింది. ఏ పామో కనిపించిందనుకున్నాం.

తర్వాత అతను చేసింది నా కళ్ల ముందు ఇంకా అలాగే ఉంది. తారు అంచున నిలబడి, చెయ్యి చాపి, ఒక్కో అడుగూ చెప్పాడు. “వెనక్కి తిరగండి. మీరు తొక్కిన గడ్డి వంగి ఉంది చూడండి. దాని మీదే వేయండి. ఇంకొకటి. పక్కకు వద్దు.” బాబాయిగారు రోడ్డెక్కాక, అవే అడుగుల్లో తాను లోపలికి వెళ్లి సైకిల్ ఎత్తుకొచ్చాడు. బాబాయిగారి ముఖం ఎర్రబడింది. “అంత అరవడమెందుకయ్యా, అదిగో అక్కడ ఆవులు మేస్తూనే ఉన్నాయిగా” అన్నారు. గైడు చాలా నెమ్మదిగా, “ఆవులు కూడా చచ్చిపోతుంటాయి సార్” అన్నాడు. ఆ ట్యూబు రోడ్డు మీదే కూర్చుని మార్చాడు. మార్చుతూ, గుంటలో మొక్క నాటుతుంటే గునపం నేలలోని పాత బాంబుకు తగిలి తన చిన్నాన్నకు మణికట్టు దాకా చెయ్యి పోయిన సంగతి చెప్పాడు. యుద్ధం అయిపోయిన ఎన్నో ఏళ్ల తర్వాత, సొంత పెరట్లో.

వియత్నాం యుద్ధం రోజుల్లో, 1964 నుంచి 1973 దాకా అమెరికా విమానాలు లావోస్ మీద సుమారు 5,80,000 సార్లు దాడికి వెళ్లాయి. 20 లక్షల టన్నులకు పైగా బాంబులు కురిపించాయి. తలసరి లెక్కన చరిత్రలో ఇన్ని బాంబులు పడ్డ దేశం మరొకటి లేదు. పెద్ద గొట్టం ఆకాశంలో విచ్చుకుని, అందులోంచి వందల కొద్దీ చిన్న బాంబులు రాలేవి. అలా రాలినవి 27 కోట్లు, వాటిలో 30 శాతం దాకా అప్పట్లో పేలలేదు. టెన్నిస్ బంతి అంత ఉండే వాటిని అక్కడివాళ్లు ‘బాంబీ’ అంటారు. పిల్లలు బంతి అనుకుని పట్టుకుంటారు. ఈ 7వ నంబరు రోడ్డు వియత్నాం సరిహద్దు దాకా పోతుంది, అందుకే దీని చుట్టూ అంత దెబ్బ పడింది. మరి ఏ మ్యాపులో ఉంది ఈ సంగతి? మ్యాపులో అదంతా పచ్చగా, ఖాళీగా కనిపిస్తుంది.

ఫోన్సావాన్ దగ్గర రాతి జాడీల మైదానం ఉంది. 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. రెండు వేల ఏళ్ల నాటి రాతి జాడీలు, కొన్ని మనిషి కన్నా ఎత్తు, ఒక్క మొదటి స్థలంలోనే మూడు వందలకు పైగా ఉన్నాయి. అక్కడ నేలలో సగం తెలుపు, సగం ఎరుపు రంగు పలకలు పాతారు. తెల్లని వైపు నేల లోపల కూడా వెతికి బాంబులు తీసేశారు. ఎర్రని వైపు పైపైన చూసిందే. తెలుపు దాటకూడదు. బాబాయిగారు ఆ పలకలు చూస్తూ నడిచారు, జాడీలు సరిగా చూడనేలేదు. సాయంత్రం గైడు మమ్మల్ని బాన్ నాపియా అనే ఊరికి తీసుకెళ్లాడు. యుద్ధపు అల్యూమినియం తుక్కు కరిగించి, మట్టి, బూడిద కలిపిన అచ్చుల్లో పోసి చెంచాలు చేస్తారక్కడ. ఒక ఇంటి ధాన్యపు కొట్టు కింద స్తంభాలు బాంబు తొడుగులు. ఇంకో తొడుగును నిలువునా చీల్చి, మట్టి నింపి ఉల్లికాడలు పెంచుతున్నారు. గైడు ఆ ఇంటివాళ్లను వరుసపెట్టి పలకరించాడు కాబట్టి లోపలికి రానిచ్చారు. నేను ఫోను పట్టుకుని వెళ్లి నిలబడితే ఎందుకు రానిస్తారు?

కాబట్టి నా మాట: డబ్బు పెట్టండి, కానీ గైడు ఆ నేల మీద పుట్టినవాడైతేనే పెట్టండి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. కంపెనీని సైకిల్ ఏ బ్రాండు, హోటల్ ఎన్ని నక్షత్రాలు అని అడగకండి. గైడుది ఏ ఊరు అని అడగండి. చెప్పలేకపోతే ఆ యాత్ర వదిలేయండి. రాజధాని నుంచి వచ్చి, ఇంగ్లిషు దంచుతూ, ఊరి పెద్దతో ఒక్క మాట కలపలేని గైడుతో వేరే దేశంలో తిరిగాను. అతని వల్ల నాకు తెలిసినదేదీ లేదు.

ఈ కంపెనీలతో నాకు ఇంకా కొన్ని పేచీలున్నాయి. ఒంటరిగా వచ్చినవాడి దగ్గర విడి గది పేరుతో వసూలు చేసేది అన్యాయం. ‘మధ్యస్థం’ అని రాసిన రోజు మొత్తం ఎక్కుడే ఉంటుంది. ఎన్ని కిలోమీటర్లో రాస్తారు, ఎన్ని మీటర్లు ఎక్కాలో రాయరు. కొండల్లో తెలియాల్సింది ఆ రెండోదే. అన్నిటికన్నా నాకు కోపం తెప్పించేది చాక్లెట్ల సంచి. యాత్రికులు పంచుతారు, పిల్లలు బడి మాని రోడ్డు మీదికొస్తారు. మా గైడు మొదటి రోజే వద్దని చెప్పాడు, అతని మీద గౌరవం అప్పుడే మొదలైంది.

శాకాహారులైతే గైడు మరీ అవసరం. అక్కడి వంటలో పాడేక్ అనే ఊరవేసిన చేపల పులుసు నీళ్లలా పోస్తారు. మాంసం వద్దంటే సరేనని అది మాత్రం వేస్తారు. అది వారి దృష్టిలో ఉప్పు లాంటిది. మా గైడు నేరుగా వంటింట్లోకి వెళ్లి పొయ్యి దగ్గర నిలబడేవాడు. వెదురు బుట్టలో ఆవిరి మీద ఉడికించిన జిగురన్నం, మిరపకాయలు కాల్చి నూరిన పచ్చడి. గోంగూర లేదన్న మాటే గానీ కడుపునిండా తిన్నాను.

మన తూర్పు కనుమల్లో ఇలాంటి యాత్రలు ఎందుకు లేవన్నదే నా బాధ. మారేడుమిల్లి నుంచి చింతూరు దిగే ఘాట్ రోడ్డు, పాడేరు నుంచి చింతపల్లి మీదుగా లంబసింగి దారి దేనికి తీసిపోయాయి? ప్రతి వాగు పేరూ, ఏ గూడెంలో సంత ఏ రోజో తెలిసిన కుర్రాళ్లు అక్కడే ఉన్నారు. కొండరెడ్డి కుర్రాడు గైడుగా ముందు తొక్కాలి, హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లం వెనక తొక్కాలి. అలాంటి యాత్ర ఎవరైనా పెడితే అడిగినంత ఇచ్చి మొదటి పేరు నేనే రాయించుకుంటాను.

మీరు వెళ్లడం ఖాయమైతే నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు చూసుకోండి. ఉదయం పూట కొండ మీద మంచు, చలి బాగా ఉంటాయి, చేతి తొడుగులు కావాలి. మార్చి, ఏప్రిల్ వద్దు, పోడు పొగలో ఎదుటి కొండ కూడా కనిపించదు. రాజధాని వియంటియాన్‌లో దిగితే, 2021 డిసెంబరులో మొదలైన రైలు రెండు గంటల్లో లువాంగ్ ప్రబాంగ్ చేరుస్తుంది. బండ్లు కుడి పక్కన నడుస్తాయి, మలుపుల్లో అది మరచిపోకండి. సాధనకు శృంగవరపుకోట నుంచి అనంతగిరి ఘాట్ చాలు. వారానికి ఒకసారైనా ఆగకుండా పైదాకా ఎక్కండి, దిగేటప్పుడు బ్రేకులు విడతలు విడతలుగా పట్టడం అలవాటు చేసుకోండి.